ఉదయగిరిలోనే ఇంజెక్షన్ పడాలి

ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు. సీతారామపురం ఇంకా అవతల. అక్కడ అర్ధరాత్రి ఒకరికి ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే ఇంట్లోవాళ్లు ముందు అనుకునేది గ్యాస్ అనే, గుండెపోటు అని కాదు. సోడా తాగిస్తారు. తెల్లారాక ఆర్‌ఎంపీకి చూపిస్తారు. కారు మాట్లాడుకుని నెల్లూరు చేరేసరికి గుండె కండరంలో చాలా భాగం చచ్చిపోయి ఉంటుంది. ఆ తర్వాత స్టెంట్ వేసినా అది తిరిగి రాదు.

గుండెకు రక్తం తెచ్చే నాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట అటూ ఇటుగా కండరం చావడం మొదలవుతుంది. నాళాలు గుండె పైపొర మీదుగా వచ్చి లోపలికి దిగుతాయి కాబట్టి మొదటి దెబ్బ లోపొరకే. కనుపూరు కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టే కదా! అక్కడి నుంచి నష్టం పైపొర దాకా పాకడానికి కొన్ని గంటలు పడుతుంది. కాపాడుకోగలిగిందంతా ఆ గంటల్లోనే.

ఆగిన రక్తం మళ్లీ పారినప్పుడు కూడా కొంత కండరం దెబ్బతింటుంది. దాన్ని ఆపాలని శాస్త్రవేత్తలు ఏళ్లుగా కష్టపడుతున్నారు. ముందుగా ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు రక్తాన్ని ఆపి వదిలితే తర్వాతి నష్టం బాగా తగ్గుతుందని 1986లో కుక్కల గుండెలపై రుజువైంది. అదే ఆశతో, బీపీ చూసే పట్టీని రోగి చేతికి బిగించి వదిలే పద్ధతిని ఐరోపాలో 5,000 మందికి పైగా రోగులపై పరీక్షించారు. ప్రయోజనం లేదని 2019లో తేలింది. ఇదే నష్టాన్ని ఆపడానికి ప్రయత్నించిన సైక్లోస్పోరిన్ మందు అంతకు నాలుగేళ్ల ముందే విఫలమైంది. ఆ పరిశోధన సాగాల్సిందే. ఈలోగా మన చేతిలో ఉన్నది నాళాన్ని త్వరగా తెరవడమే.

అందుకు మందు ఉంది. నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ బయట వేల రూపాయలు. రాష్ట్రంలోని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. ఇది నిజంగా ప్రాణాలు నిలిపే పథకం. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ (సన్నని గొట్టం పంపి బెలూన్‌తో నాళాన్ని తెరవడం) అందని చోట ముందు ఈ ఇంజెక్షన్ వేసి, తర్వాత పెద్దాసుపత్రికి తరలించడమే సరైన వైద్యం. మన మెట్ట మండలాలన్నీ అలాంటి చోట్లే. అయితే రాత్రి రెండింటికి ఈసీజీ తీసే మనిషి లేకపోతే ఆ మందు అలమరాలోనే ఉండిపోతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు, రాపూరు ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు ఈసీజీ తీయాలి, అదీ రోగి వచ్చిన పది నిమిషాల్లో. మెదడులో రక్తస్రావం జరిగినవారి వంటి కొందరికి ఈ ఇంజెక్షన్ ప్రమాదం కాబట్టి, ఈసీజీని ఫోన్‌లోనే చూసి చెప్పే గుండె వైద్యుడు నెల్లూరులో ఏ వేళకైనా అందుబాటులో ఉండాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. పల్లెలో అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. ఛాతీనొప్పితో వచ్చినవారికి గ్యాస్ ఇంజెక్షన్ వేసి కూర్చోబెట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేసేలా వాళ్లకు శిక్షణ ఇవ్వాలి. షుగర్ ఉన్నవారికి, కొందరు ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే రావచ్చని కూడా చెప్పాలి.

రోగి గుమ్మం తొక్కిన ఎన్ని నిమిషాలకు ఇంజెక్షన్ పడిందో ఆసుపత్రుల వారీగా నెలనెలా ప్రకటించాలని జిల్లా కలెక్టర్‌ను కోరుతున్నాం. ఆ లెక్కను ఈ పత్రికలో ప్రతి నెలా అచ్చు వేస్తాం.