సౌర ఫలకం సరే, మడతబందు మాటేమిటి?

అంతరిక్ష నౌకలకు సౌరవిద్యుత్తు అనగానే చర్చంతా ఎండను కరెంటుగా మార్చే ఘటాల (సోలార్ సెల్స్) సామర్థ్యం చుట్టూనే తిరుగుతుంది. 1954 నాటి బెల్ ల్యాబ్స్ సిలికాన్ ఘటం తనపై పడిన ఎండలో సుమారు 6 శాతాన్నే విద్యుత్తుగా మార్చగలిగేది. నేటి బహుళ పొరల గాలియం ఆర్సెనైడ్ ఘటాలు 30 శాతం దాకా మారుస్తున్నాయి. గురుగ్రహం దగ్గర ఎండ మనకు పడేదానిలో 25వ వంతే అయినా, 2016లో అక్కడికి చేరిన జూనో నౌక మూడు పెద్ద ఫలకాల రెక్కలతో దాదాపు 500 వాట్లు, అంటే ఓ వంటింటి మిక్సీకి సరిపడే కరెంటు తీయగలిగింది. ఇది చిన్న విజయం కాదు. అయితే నౌకల తలరాత మార్చిన ఘటనలను వరసగా చూస్తే, చిక్కంతా ఫలకాలను మడిచి మోసుకెళ్లడంలో, విప్పడంలో, ఎండ లేనప్పుడు నౌకను బతికించుకోవడంలోనే కనిపిస్తుంది.

1958లో అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహానికి విప్పే బెడద లేదు. ఒకటిన్నర కిలో కూడా తూగని ఆ గోళానికి ఘటాలను ఒంటికే అమర్చారు. దాని బ్యాటరీ ట్రాన్స్‌మిటర్ ఆ జూన్‌లోనే మూగబోగా, ఎండతో నడిచినది 1964 దాకా పలికింది. తర్వాత కరెంటు అవసరం పెరిగి, ఒంటిమీద చోటు చాలక రెక్కలొచ్చాయి. వాటితోపాటే మడతబందులూ వచ్చాయి.

1973 మేలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నింగికెగసేటప్పుడు రక్షణ కవచం చిరిగి, ఆ దెబ్బకు ఒక రెక్క కొట్టుకుపోయింది. రెండోది అల్యూమినియం పట్టీ అడ్డుపడి ఇరుక్కుంది. జూన్ 7న వ్యోమగాములు పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్ బయటికి వెళ్లి, పొడవాటి గొట్టం చివర బిగించిన కత్తెరతో ఆ పట్టీని తెంచారు. అప్పటికీ రెక్క విచ్చుకోకపోతే తాడు కట్టి బలంకొద్దీ లాగారు. ఇది పాతకాలపు మోటుతనం అనుకోవడానికీ లేదు. 2021లో గ్రహశకలాల పరిశీలనకు బయల్దేరిన నాసా నౌక లూసీకి ఏడు మీటర్లకు పైగా వ్యాసమున్న రెండు ఫలకాలు విసనకర్రల్లా తెరుచుకోవాలి. ఒకదాన్ని లాగే తాడు సడలడంతో అది పూర్తిగా బిగుసుకోనేలేదు. సరిచేయడానికి అక్కడ మనుషులు లేరు గనుక, భూమి నుంచే మోటార్లను మళ్లీమళ్లీ తిప్పి, పూర్తి వృత్తానికి కావలసిన 360లో 353 డిగ్రీలు దాటించి సరిపెట్టుకున్నారు.

మన చంద్రయాన్-3 ఎదుర్కొన్నది ఎండ లేని కష్టం. దాని ల్యాండర్ విక్రమ్ ఫలకాలు 738 వాట్లు ఇచ్చేలా రూపొందించినవే. కానీ చంద్రుడి మీద రాత్రి మన లెక్కన దాదాపు 14 రోజులు. ఒక్క పగటికే ఉద్దేశించిన నౌక గనుక ఆ రాత్రిని దాటలేకపోవడాన్ని వైఫల్యం అనడం అన్యాయం. చంద్రుడిపైనే దిగిన చైనా నౌక చాంగే-4 అక్కడి రాత్రి చలిని రేడియోధార్మిక పదార్థపు వెచ్చదనంతో దాటుతూ వచ్చింది. కాబట్టి దీర్ఘకాలం పనిచేసే నౌకలకు ఘటం మీద పెట్టేంత శ్రద్ధ ఈ వెచ్చదనం మీదా, బ్యాటరీ మీదా పెట్టాలి. చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చేటప్పుడు బ్యాటరీ నిండుగానే ఉంది, 2023 సెప్టెంబర్ 22 నాటి సూర్యోదయపు వెలుగు పడేలా ఫలకాన్నీ తిప్పి ఉంచారు. పొద్దు పొడిచింది గానీ, సంకేతం రాలేదు.