గ్యాస్ పైపుల మీద కొలువుదీరిన తెల్ల టేపు గారికి

మహారాజశ్రీ తెల్ల టెఫ్లాన్ టేపు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా ఇప్పటికైతే క్షేమం, బండి ఇంకా పేలలేదు.

తమరి మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. నీళ్ళ కుళాయి దగ్గర తమరి సేవకి వంక పెట్టేవాడు లేడు. కానీ రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో తమరికి జరుగుతున్న పూజ చూశాక ఊరుకోలేక రాస్తున్నా. టెంపో ట్రావెలర్ కొని, లోపల మంచాలూ సింకూ రెండు బర్నర్ల స్టవ్వూ పెట్టించుకుని ఇంటిల్లిపాదీ ఊళ్ళు తిరగాలని మేమూ ముచ్చటపడ్డాం. గ్యాస్ లైన్ వేసిన కుర్రాడు సిలిండర్ దగ్గర్నుంచి స్టవ్వు దాకా కనిపించిన ప్రతి నట్టుకీ, గుళ్ళో పెద్దమనుషులకి పరివట్టం కట్టినట్టు, తమరిని భక్తిగా చుట్టి చేతులు దులుపుకున్నాడు. లీకు చూశావా బాబూ అంటే "టేపేశాం కదా సార్" అన్నాడు. అదీ తమరి మహిమ! తమరు వెలసిన చోట పరీక్షతో పనే లేదు.

ఫ్లేర్ జాయింట్ సంగతి తమరికి తెలియనిదా, దాని మీద ఎన్నిసార్లు కూర్చోలేదు! రాగి పైపు చివరని 45 డిగ్రీల వాలుతో వెడల్పు చేస్తారు, ఆ వాలు ఇత్తడి ఫిట్టింగ్ ముక్కు మీద సరిగ్గా కూర్చోవాలి, నట్టు బిగిస్తే రెండు లోహాలూ ఒత్తుకుని గ్యాస్ ఆగుతుంది. మరలు చేసేది ఆ రెంటినీ దగ్గరికి లాగి పట్టుకోవడమే. అంటే తమరు పవళించిన మరల దాకా గ్యాస్ వచ్చిందంటే అసలు జాయింట్ అప్పటికే చెడిందన్నమాట. పోనీ ఊరికే పడుంటారా అంటే అదీ లేదు, తమరి పోగొకటి ఊడి లోపలికి పోయి బర్నర్ జెట్‌లో, అంటే గ్యాస్ బయటికి చిమ్మే సన్నని కన్నంలో, ఇరుక్కుంటే మంట సన్నబడుతుంది, మేము స్టవ్వు కంపెనీని తిడతాం. సిలిండర్ వాల్వ్ దగ్గర ఇంకా విడ్డూరం. అక్కడ గ్యాస్ ఆపేది లోపలున్న రబ్బరు రింగు. అది పాడైతే డీలర్ మనిషిని పిలవాలి గానీ రెగ్యులేటర్ మూతికి తమరిని చుడితే ఏం లాభం?

టేపు జాతి మొత్తం గ్యాస్‌కి పనికిరాదని నేననను. చివరికి సన్నబడుతూ పోయే వాలు మరల జాయింట్లకి, అంటే మరలే గ్యాస్ ఆపాల్సిన చోట, సీలు కావాల్సిందే, దానికోసం గ్యాస్‌కని చేసిన పసుపు టేపు ఉంది, తమరికంటే మందం. మొదటి మర వదిలి, బిగించే దిక్కుకే చుట్టాలి. కాకపోతే తమరు చవక.

ఇంట్లో గ్యాస్ లీకైతే కిటికీలూ తలుపులూ ఉంటాయి. బండిలో, అందులోనూ తిరుపతి మే నెల ఎండకి అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసుకున్న బండిలో, అదెక్కడికి పోతుంది? ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు, నేలబారుగా పాకి మంచాల కిందే చేరుతుంది. గాలిలో 2 శాతం కలిస్తే చాలు, అంటుకోవడానికి రెడీ. అందుకే సిలిండర్ అరకి అడుగున బయటికి కన్నం ఉండాలి, లీకైతే మోగే అలారం నేలకి దగ్గర్లో పెట్టాలి. మా కుర్రాడు అలారాన్ని పైకప్పు కింద, వెంకన్న పటం పక్కన బిగించాడు. వాసన కోసం గ్యాస్‌లో మెర్కాప్టాన్ కలుపుతారు సరే, కర్పూరం, అగరుబత్తి, పులిహోర తాలింపు కలిసిన బండిలో దాన్ని కనిపెట్టే ముక్కెవరిది?

చిత్తూరు నుంచి మా మేనమామ వచ్చి చూసి "ముందు ఆ టేపు విప్పరా" అన్నాడు. పైపు మెలి తిరక్కుండా ఒక పానాతో ఫిట్టింగ్ పట్టి, ఇంకో పానాతో నట్టు బిగించాడు. స్టవ్వు నాబ్‌లు మూసి, సిలిండర్ తెరిచి, గిన్నెలు కడిగే లిక్విడ్ నీళ్ళలో కలిపి బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూశాడు. నేను లేవబోతే "ఉండరా, తొందరేంది" అన్నాడు. సింకు వెనక నట్టు, కింది అంచున, ఫోన్ కెమెరా పెడితేనే కనిపించే చోట, చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ అక్కడే లేచింది. తమరిని అన్నిటికంటే మందంగా చుట్టింది ఆ నట్టుకే. విప్పి చూస్తే పైపు అంచు చీలి ఉంది. దాన్ని కోసి కొత్తగా ఫ్లేర్ చేశాక, సబ్బు ఉంటే ఇత్తడిని తింటుందని శుభ్రంగా కడిగాడు.

అంతటితో వదిలాడా, పారదర్శకమైన పైపుని యూ ఆకారంలో వంచి నీళ్ళు పోసి లైనుకి తగిలించాడు. మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే ప్రెజర్ 30 మిల్లీబార్, అంటే రెండు వైపులా నీళ్ళ మట్టానికి దాదాపు 300 మిల్లీమీటర్ల తేడా. సిలిండర్ వాల్వ్ మూసేసి, కాసేపు కుదురుకోనిచ్చి, ఆ తేడా తగ్గుతుందేమో చూడటమే, తగ్గితే లీకున్నట్టే. అదీ నీడలో, ఎందుకంటే ఎండకి పైపు వేడెక్కితే ప్రెజర్ పెరిగి చిన్న లీకుని కప్పేస్తుంది. భాకరాపేట ఘాట్ వంపులు దిగొచ్చాక సబ్బునీళ్ళ పని మళ్ళీ చెయ్యమన్నాడు, కుదుపులకి నట్లు వదులవుతాయి.

కాబట్టి తమరికి మనవి ఏమంటే, కుళాయిల దగ్గరికి దయచేయండి. అక్కడ లీకైతే బకెట్ పెట్టుకుంటాం.

ఇట్లు,
తమరిని విప్పి చెత్తబుట్టలో వేసినవాడు

తా.క.: అదే షెడ్డులో లైటర్ వెలిగించి జాయింట్ల చుట్టూ తిప్పి లీకు చూసే పెద్దాయన ఒకరున్నారు. ఆయనకి ఉత్తరం వేరే రాశాను, పోస్టులో చేరేలోపు ఏమవుతుందోనని రేపు పొద్దున్నే స్వయంగా వెళ్ళి ఇస్తా.