మూడు నెలల చుట్టం

మూడు నెలలకని వచ్చిన చుట్టం అరవై ఏళ్లు దాటినా వసారాలోనే మకాం వేస్తే మనం లోలోపల గొణుక్కుంటాం. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిది పెద్ద మనసు. గడువు ముగిసే వేళకు చేతులెత్తి మరో గడువు ఇస్తుంది. 1964 మార్చిలో మూడు నెలల కోసం సైప్రస్ ద్వీపానికి పంపిన శాంతి దళం నేటికీ అక్కడే ఉంది.

దీనికి పునాది ఒక పెన్సిల్. 1963 డిసెంబరులో గ్రీకు, తుర్కు సైప్రియట్లు కొట్టుకుంటుంటే బ్రిటిష్ జనరల్ పీటర్ యంగ్ నికోసియా పటం మీద ఒక గీత గీశాడు. పెన్సిల్ ఆకుపచ్చది కాబట్టి అది ఆకుపచ్చ గీత అయింది. రబ్బరు తేవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. 1974లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లోని సైనిక పాలకులు సైప్రస్‌లో కుట్ర చేయించారు, తుర్కియే సైన్యం దిగింది, గీత కాస్తా తుర్కు సైప్రియట్ల ఉత్తరాన్ని, గ్రీకు సైప్రియట్ల దక్షిణాన్ని విడదీస్తూ 180 కిలోమీటర్ల పట్టీగా సాగింది. కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్ల వెడల్పు. పాత నికోసియా సందుల్లో మాత్రం ఎదురు బాల్కనీకి ఊరగాయ జాడీ అందించేంత.

శాంతి దళం కాపలా కాసే ఈ పట్టీలో కాలం కూడా కాల్పుల విరమణ పాటిస్తోంది. మూతపడిన విమానాశ్రయంలో ఒక ట్రైడెంట్ విమానం అర్ధ శతాబ్దంగా తుప్పు పడుతోంది. అమ్మకానికి తెచ్చిన 1974 నాటి కొత్త కార్లు దుమ్ము కొట్టుకుపోయాయి. మూఫ్లాన్ అనే కొండగొర్రెలు మాత్రం నిశ్చింతగా మేస్తున్నాయి. శాంతి ప్రక్రియలో స్పష్టమైన ప్రగతి సాధించిన పక్షం, నాకు తెలిసి, ఇదొక్కటే.

సైనికులను అనడానికి నోరు రాదు. మన జనరల్ తిమ్మయ్య ఈ దళానికి అధిపతిగా ఉండగానే 1965లో నికోసియాలో కన్నుమూశారు. మండలి పొడిగించలేకపోయిన గడువు అదొక్కటే. సైప్రస్ ఆయన పేర తపాలా బిళ్ల వేసి గౌరవించింది.

నా ఆరాధనంతా తీర్మానాలు రాసేవారి మీదే. 'ఈ యథాతథ స్థితి నిలిచేది కాదు' అని ఒక పేరాలో రాస్తారు, నిలబెట్టేవారికి మరో పేరాలో గడువు పెంచుతారు. 2004లో ఏకీకరణ ప్రణాళికకు ఉత్తరం అవునంది, దక్షిణం కాదంది. మండలి మళ్లీ పొడిగింపు అంది. పాపం, ఆరు నెలలకోసారి చేతులెత్తి భుజాలు నొప్పెట్టాయో ఏమో, 2023 జనవరి నుంచి ఏడాదికోసారికి మార్చుకున్నారు.

నాదొక విన్నపం. ముసాయిదాను ప్రతిసారీ కొత్తగా రాయనక్కరలేదు. పాతదే ఉంచి, తేదీ ఒక్కటి పెన్సిల్‌తో రాసుకుంటే చాలు. ఈసారి రబ్బరు మర్చిపోవద్దు.