కరివేపాకు మీది పురుగును తిననిద్దాం

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా అమ్మ ఇల్లు. ఉదయం ఏడున్నర దాటినా కొండ మీద మంచు విడలేదు. పెరట్లో బంతి మొక్క మీద ఒక నల్లటి సీతాకోకచిలుక రెక్కలు పరుచుకుని కూర్చుంది. వేలు దగ్గరికి పెట్టినా కదల్లేదు. ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడితే గానీ వాటికి ఎగిరే శక్తి రాదు. కుడివైపు కింది రెక్క సగం చిరిగిపోయి ఉంది. ఏ పిట్టో ముక్కుతో పట్టి వదిలేసినట్టుంది. రెక్కల మీది పొడి చాలావరకు రాలిపోయి, నలుపు కాస్తా పాత గొడుగు గుడ్డలా వెలిసిపోయింది. అంచు వెంబడి తెల్లచుక్కలు మాత్రం పోలేదు. ఎనిమిదింటికి ఎండ గోడ దాటి బంతి మొక్క మీద పడింది. రెక్కలు ఒకసారి మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. పది నిమిషాల తర్వాత ఆ చిరిగిన రెక్కతోనే లేచి గన్నేరు చెట్టు వైపు వెళ్ళిపోయింది.

దాన్ని కామన్ క్రో అంటారు. ఈ జాతి వాటి ఒళ్ళు పిట్టలకు రుచించదు. అందుకే పట్టుకున్న పిట్ట కూడా వదిలేస్తుంది. చిరిగిన రెక్క అంటే అది ఒకసారి చావు నోట్లోకి వెళ్ళి బయటపడిందని అర్థం. ఆ రోజు నుంచి సెలవు అయిపోయేదాకా రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోనే కూర్చున్నాను. అక్కడ కూర్చుని అనుకున్నదే ఇప్పుడు మన తెలుగు సంఘం పత్రికలో రాస్తున్నాను.

డాలస్‌లో ఉండే మాకు సీతాకోకచిలుకలంటే అక్టోబర్. మెక్సికో కొండల్లోకి వెళ్ళే మోనార్క్‌లు టెక్సస్ మీదుగా అప్పుడే దిగుతాయి. ఆ తర్వాత చలి, ఇంకేమీ కనపడవు. తిరుపతి లెక్క వేరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానే మన వైపు పెద్ద ఆసరా. ఆ తడికి కలుపు, తీగలు, పూలు అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేత ఆకు వస్తే పురుగు వస్తుంది, పురుగు వచ్చాక రెక్కలు వస్తాయి. మార్గశిరం, పుష్యం వచ్చేసరికి ఆ సందడిలో ఆఖరి భాగం నడుస్తుంటుంది. నేల ఆరుతుంటుంది, చెరువు గట్ల మీద గడ్డి పసుపు తిరుగుతుంటుంది. మనం టికెట్లు కొనుక్కుని ఇంటికి వచ్చే రోజులు సరిగ్గా అవే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను వాటిని నిలబడి చూడలేదు. దర్శనం, పెళ్ళిళ్ళు, బ్యాంకు పనులు, తిరుగు ప్రయాణం. అంతే.

ఈ ఆఖరి రోజులకు ఒక ప్రత్యేకత ఉంది. ఈవెనింగ్ బ్రౌన్ అనే గోధుమరంగు సీతాకోకచిలుక ఉంది, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గోడల వెంట ఎగురుతుంది. వానాకాలంలో పుట్టినదానికి రెక్క అడుగున కళ్ళలాంటి మచ్చలు వరసగా ఉంటాయి. ఎండుకాలపు తరానికి ఆ మచ్చలు దాదాపు మాయమై, రెక్క అచ్చం ఎండుటాకులా మారిపోతుంది. నేల మీద ఎండుటాకులు పరుచుకునే రోజుల్లో దాక్కోవాలంటే అలాగే ఉండాలి మరి. మామిడి చెట్టు కింద ఊడ్చబోయి మా అమ్మ చీపురు ఆపింది. ఆకుల్లో ఒక ఆకు లేచి ఎగిరింది.

అసలు నన్ను కదిలించింది బ్లూ టైగర్. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలు, మచ్చలు. దాని శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియాకే. అవును, తిరుమల. ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1880లో ఆ ప్రజాతికి పెట్టిన పేరది. దాని దాయాదులు ఆఫ్రికాలో ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. ఎక్కడున్నా వాటి ఇంటిపేరు తిరుమలే. తిరుపతిలో పుట్టి పెరిగి, స్కూల్లో, కాలేజీలో బయాలజీ చదివిన నాకు ఈ సంగతి నలభై ఏడేళ్ళ వయసులో తెలిసింది. ఎవరూ చెప్పలేదు. కొండకు నడిచి వెళ్ళిన ప్రతిసారీ మెట్ల పక్కన అవి ఎగురుతూనే ఉండి ఉంటాయి.

బ్లూ టైగర్లు, కామన్ క్రోలు వలస కూడా పోతాయి. నైరుతి వానలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పుకు వస్తాయి. మళ్ళీ అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో గుంపులు గుంపులుగా పడమటికి బయలుదేరతాయి. దారిలో గిలిగిచ్చ చెట్టు కనిపిస్తే మగవి దాన్ని వదలవు. ఎండిన కాయను ఊపితే గలగలమంటుందే, అదే చెట్టు. దానిలోని చేదు పదార్థాన్ని పీల్చుకుని, ఆడవాటిని పిలిచే వాసన తయారు చేసుకుంటాయి. మోనార్క్‌కు ఇవి దగ్గరి చుట్టాలే, అంతా ఒకే తెగ. మోనార్క్ కోసం అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కూడా, దాని పురుగు తినే మిల్క్‌వీడ్ మొక్క నాటుతున్నాం. పిల్లలు స్కూలు నుంచి విత్తనాల పొట్లం తెస్తే నేనూ నాటాను. 2024 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం మోనార్క్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదిస్తే మా ఇంట్లో దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

మిల్క్‌వీడ్‌కు మన వైపు చుట్టం జిల్లేడు. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక దాని ఆకు మీదే గుడ్లు పెడుతుంది. డాలస్‌లో మిల్క్‌వీడ్‌కు నీళ్ళు పోస్తూ, తిరుపతిలో ఇంటి పక్కన జిల్లేడు మొలిస్తే పీకించమని ఫోన్‌లో చెప్పింది నేనే. ఇది నాకు బాధ కలిగించే విషయం. నాలాంటివాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టే చెప్తున్నాను.

2018లో డబ్బు పంపి అమ్మ ఇంటి పెరడంతా టైల్స్ వేయించాను. అమ్మ జారిపడకూడదు, బురద ఉండకూడదు, పాములు రాకూడదు అని నా ఉద్దేశం. పని చేసినవాళ్ళు ముప్పై ఏళ్ళ కరివేపాకు చెట్టును కూడా కొట్టేశారు. నేను వద్దని చెప్పలేదు, అసలు ఆ చెట్టు నాకు గుర్తే రాలేదు. 2021 నవంబర్‌లో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా పెరట్లో నీళ్ళు ఇంకడానికి జానెడు మట్టి లేదు, మూడు రోజులు అలాగే నిలిచాయి. అంత వానను ఏ పెరడూ తాగలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నీళ్ళు పోయాక అమ్మ నాకు చెప్పకుండా ఒక పని చేసింది. గోడ వారగా టైల్స్ సందులోంచి కరివేపాకు వేరు పిలక ఒకటి పైకి వస్తుంటే, మేస్త్రీని పిలిపించి 4 అడుగుల వెడల్పున, 12 అడుగుల పొడవున టైల్స్ పగలగొట్టించింది.

నేను చూసిందంతా ఆ 48 చదరపు అడుగుల మట్టిలోనే.

ఆ కరివేపాకు ఇప్పుడు నా భుజం ఎత్తుంది. కొమ్మ చివర లేత ఆకులు సగం కొరికేసి ఉన్నాయి. మొదట పిట్ట రెట్ట అనుకున్నాను. గోధుమరంగు, మధ్యలో తెల్లటి మరక, కదలిక లేదు. అదే లైమ్ బటర్‌ఫ్లై పిల్ల. నిమ్మ, మారేడు, కరివేపాకు దాని తిండి. శత్రువుల కళ్ళు కప్పడానికే ఆ వేషం. నాలుగుసార్లు కుబుసం విడిచాక ఆకుపచ్చగా, వేలి కణుపంత లావుగా అవుతుంది. అలాంటిది ఇంకొకటి పై కొమ్మ మీద ఉంది. పుల్లతో మెల్లగా తాకాను. తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు తడితడిగా బయటికి తన్నుకొచ్చాయి. కుళ్ళిన నిమ్మతొక్క నలిపినట్టు ఘాటైన వాసన వచ్చింది. మరుక్షణం కొమ్ములు లోపలికి పోయాయి, ఏమీ జరగనట్టు అది మళ్ళీ ఆకు అంచు కొరకడం మొదలుపెట్టింది.

"మందు కొట్టిద్దామా అమ్మా, చెట్టంతా తినేస్తుందేమో" అన్నాను.

"ఉండనీ పాపా. మనకు కావాల్సింది మిగల్తాది. అది యాడికి పోయి తినాల?" అంది అమ్మ. తాలింపుకు కింది కొమ్మ నుంచి రెండు రెబ్బలు తుంచుకుని లోపలికి వెళ్ళింది.

మనలో చాలామంది సీతాకోకచిలుక కోసం పూలే నాటుతాం. పూలు కావాలి, నిజమే. అందులోనూ ముద్దబంతి కంటే ఒంటిరెక్క బంతి మేలు, తేనె అందుతుంది. గోడ పక్కన దానంతటది మొలిచే గడ్డిచేమంతి మీద చిన్న సీతాకోకచిలుకలు వాలినంతగా నర్సరీలో కొన్న పూల మీద వాలవు. కానీ పూలు వచ్చిపోయేవాటికి హోటల్ లాంటివి. పుట్టి పెరగడానికి ఆకు కావాలి, అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు కుదరదు. తల్లి ముందుకాళ్ళతో ఆకును తట్టి, రుచి చూసి, తన ఆకే అని తేల్చుకున్నాకే గుడ్డు పెడుతుంది. కామన్ క్రోకు గన్నేరు, రావి. పసుపు రెక్కల ఎమిగ్రెంట్లకు రేల. ఆముదపు ఆకు మీద పెరిగేదాన్ని కామన్ కాస్టర్ అనే అంటారు. రేగు మీద తెలుపు నలుపు మచ్చల కామన్ పియరో.

ఈ పేర్లు ఒకదాని పక్కన ఒకటి రాసుకుంటుంటే వినాయకచవితి గుర్తొచ్చింది. ఏకవింశతి పత్రిలో బిల్వం ఉంది, అది లైమ్ బటర్‌ఫ్లై ఆకు. కరవీరం గన్నేరు, బదరి రేగు, అశ్వత్థం రావి, అర్కం జిల్లేడు. చూతం, అంటే మామిడి, కామన్ బేరన్ అనే సీతాకోకచిలుకకు తిండి. మన పెద్దలు సీతాకోకచిలుకల కోసమే ఈ పత్రి ఏర్పాటు చేశారని నేను అనడం లేదు. అలా అనడం అబద్ధం అవుతుంది. ఇంటి చుట్టుపక్కల ఈ చెట్లు ఉంటాయన్న నమ్మకంతో ఆ పూజ ఏర్పడింది, అంతవరకే చెప్పగలను. ఇప్పుడు మా వీధిలో చవితికి పత్రి కట్ట కొనుక్కుంటున్నారు. మా చిన్నప్పుడు గిన్నె పట్టుకుని నాలుగు ఇళ్ళు తిరిగితే దొరికేది.

పాముల భయం నాకు తెలుసు. కొండ కింది ఊరు, భయం న్యాయమైనదే. అందుకే పెరడంతా అడవిలా వదలమని అడగడం లేదు. గోడ వారగా ఒక పట్టీ చాలు, మిగతాది ఊడ్చుకుని శుభ్రంగా ఉంచుకోవచ్చు. అడుగున గుబురు పెరగకుండా కత్తిరించుకోవచ్చు. దోమల సంగతికొస్తే, వాటి పిల్లలు పెరిగేది నిలవ నీళ్ళలో. కుండీ కింద పళ్ళేల్లో నీళ్ళు వారానికి రెండుసార్లు పారబోస్తే మొక్కలకు మందు కొట్టే పని తగ్గుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. చిన్నపిల్లలు ఆడుకునే చోట కాకుండా గేటు బయట, కాలవ గట్టున ఉన్నదాన్ని పీకకుండా వదిలేసినా చాలు. ఇంకొక మాట. వేపనూనె సహజమైనదని ధైర్యంగా కొడుతుంటారు. పురుగుకు వేపనూనె కూడా విషమే.

మన సంఘంలో చాలామందికి తిరుపతిలోనో, చిత్తూరులోనో, పలమనేరులోనో, మదనపల్లెలోనో ఇల్లు ఉంది, లేదా కడుతున్నారు. ప్లాన్లు వాట్సాప్‌లో వస్తాయి. నాలుగువైపులా పేవర్ బ్లాకులు, పోర్టికోలో నకిలీ పచ్చగడ్డి. ఆ ప్లాన్‌కు ఓకే చెప్పేది మనమే, డబ్బు పంపేది మనమే. అమ్మానాన్నలు "నీ ఇష్టం నాయనా" అంటారు, మనసులో ఇంకొకటి ఉన్నా. మా అమ్మ మూడేళ్ళు అలాగే ఊరుకుంది. ఈసారి ప్లాన్ వచ్చినప్పుడు వెనక గోడ దగ్గర ఒక గీత గీసి, "ఇక్కడ మట్టి వదలండి" అని రాయండి. అందులో ఏం పెట్టాలో అమ్మను అడగండి. ఒక కరివేపాకు, ఒక గన్నేరు, నాలుగు బంతి మొక్కలు అంటే వందల డాలర్ల ఖర్చేమీ కాదు.

నేను బయలుదేరిన రోజుకు ఆ ఆకుపచ్చ పురుగు కొమ్మకు నడుము దగ్గర దారం కట్టుకుని ప్యూపా అయిపోయింది. నేను చూడలేకపోయాను గానీ, పదమూడో రోజున అమ్మ వీడియో కాల్ చేసి ఖాళీ డొల్ల చూపించింది.

రథసప్తమి నాడు మళ్ళీ మాట్లాడాం. తలస్నానానికి జిల్లేడాకులు దొరికాయా అని అడిగాను. గేటు బయట చెట్టుకే కోసిందట. "ఏడో ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు ఉండింది పాపా. ఆ ఆకును చెట్టుకే వదిలేసి, ఇంకొక ఆకు కోసుకొచ్చుకున్నా" అంది.