కర్నూలు వదలని క్రాంకు

1953 అక్టోబరు 1న కర్నూలుకు రాజధాని వచ్చింది. 1956 నవంబరు 1న హైదరాబాదు వెళ్ళిపోయింది. మంత్రులు, గుమాస్తాలు, దస్త్రాలు, డేరాలు... మూడేళ్ళ ఒక నెలలో అంతా బిగించారు, అంతా విప్పారు. మధ్యలో ఎక్కడైనా ఒక్క బోల్టు పట్టేసిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు. అదే ఊళ్ళో నా రోడ్డు సైకిలు ఎడమ క్రాంకు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే చేయి, పదకొండు రోజులుగా ఆ ఇరుసును వదలడం లేదు. దీన్ని జనం మరమ్మతు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ ఊరికి వచ్చిందేదీ ఇక పొలిమేర దాటకూడదని తీర్మానించుకున్న తొలి ప్రజా ప్రతినిధి అది. ఆ హోదాలోనే దాన్ని గుర్తించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ప్రతినిధి స్వస్థలం బెంగళూరు. అక్కడెవరో తొక్కి తొక్కి విసిగి అమ్మేస్తే బస్సు డిక్కీలో పడుకుని వచ్చింది. తొక్కినప్పుడల్లా ఇరుసు దగ్గర కిర్రుమంటోంది, బేరింగు మార్చాలి, అందుకు క్రాంకు ఊడాలి. ఇరుసు ఉక్కుది, క్రాంకు అల్యూమినియంది. ఇరుసు కొస నలుపలకలుగా ఉండి చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. బోల్టు బిగించేకొద్దీ క్రాంకు దాని మీదికి సీసాలోకి బిరడా దిగినట్లు దిగుతుంది. ఏళ్ళ తరబడి చెమట ఉప్పు, వాన నీళ్ళు ఆ సందులోకి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా పూసి ఉక్కును కరుచుకుంటుంది. వేర్వేరు జాతులవి ఇంత గట్టిగా అతుక్కోవడం పొత్తుల సీజనులో తప్ప మనం చూడం. బిగించిన మహానుభావుడు కాస్త గ్రీజు రాసి ఉంటే ఈ వ్యాసం పుట్టేది కాదు.

సైకిలు మర చుట్ల రాజ్యాంగం వేరు. ఎడమ పెడల్‌కు ఎదురు మర, అంటే మామూలు మరకు వ్యతిరేకంగా తిప్పాలి. ఇరుసు బేరింగులను పట్టి ఉంచే బీబీ (బాటమ్ బ్రాకెట్) కప్పుల దగ్గర మాత్రం కుడివైపుదానికి ఎదురు మర, ఇటలీ పద్ధతి సైకిలైతే అదీ మామూలు మరే. క్రాంకు బోల్టుకు రెండు వైపులా మామూలు మర. ఎటు తిప్పితే ఊడుతుందో తెలియక తిప్పినవాడు ఊడదీస్తున్నానని నమ్ముతూ బిగిస్తుంటాడు. మన పథకాలు చాలావరకు ఇలాగే అమలవుతాయి.

బళ్ళారి చౌరస్తా వైపు సైకిల్ షాపు భాయ్ ఒక్కసారి చూసి సుత్తి తీశాడు. "దెబ్బకు దెయ్యం వదులుతుంది సార్." ఆయన్ని తప్పు పట్టను. పాత నల్ల సైకిలుకు ఆ వైద్యమే సరైనది: క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను నట్టు వదులు చేసి, కింద గట్టి ఊతం పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పిన్ను వెనక్కి జారేది, క్రాంకు వచ్చేసేది. ఈ సైకిలుకు కాటర్ పిన్నే లేదు. సుత్తికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బేరింగుల ప్రాణం కోసం నేను అడ్డు పడితే, "చదువుకున్నవాళ్ళతో ఇదే" అన్నట్లు చూశాడు.

చదువుకున్నవాడు చేసిన నిర్వాకం ఇక చెప్పాలి. క్రాంకు పుల్లర్ తెప్పించాను. దాని బయటి మర 22 మిల్లీమీటర్లు. అది క్రాంకులోకి పూర్తిగా దిగాక మధ్య బోల్టు తిప్పితే ఇరుసును నెడుతూ క్రాంకును బయటికి లాగుతుంది. పూర్తిగా దిగాక, అన్నది కీలకం. లోపల బోల్టు కింది వాషరు ఉండిపోయింది. నేను చూడలేదు. పుల్లర్ మూడు చుట్లకే ఆగింది, అదే చివర అనుకుని బలమంతా ఉపయోగించాను. ఏదో మెత్తగా తెగింది. పుల్లర్ పళ్ళకు వెండి సేమియా లాంటి పోగు చుట్టుకుని వచ్చింది. ఎంత అందంగా మెరిసిందంటే, అది క్రాంకు మర అని గ్రహించడానికి కొంతసేపు పట్టింది.

పక్కింటి పెద్దాయన ఓదార్చాడు. "ఎండలో పెట్టు నాయనా. అల్యూమినియం ఉక్కుకన్నా ఎక్కువ సాగుతుంది." శాస్త్రం నిజమే, దాదాపు రెట్టింపు సాగుతుంది. మిద్దె మీద కూర్చుని లెక్క కట్టాను. 13 మిల్లీమీటర్ల ఇరుసు మీద 20 డిగ్రీల వేడి పెరిగితే వచ్చే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడు. కర్నూలు ఎండ మీద మనకున్న గర్వానికి ఇంతకన్నా అవమానం లేదు.

బెంగళూరు నుంచి మా మేనమామ కొడుకు ఫోనులో ఇంకో ఉపాయం చెప్పాడు. "బోల్టు తీసేసి నెమ్మదిగా తొక్కు బావా, అదే వదులవుతుంది." నలుపలకల రంధ్రం పాడవుతుందట, కానీ మర పోయిన క్రాంకుకు ఇక పోవడానికేముంది? మూడు రోజులు పొద్దున్నే కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగాను, కాలి కింద క్రాంకు ఎప్పుడు ఊడిపోతుందా అని ఆశపడుతూ. లోకంలో ఏ సైకిలు యాత్రికుడికీ ఆ ఆశ ఉండదు. ఊడలేదు. ప్రతినిధి పట్ల నా గౌరవం పెరిగింది.

చివరికి మోటారు వైండింగ్ దుకాణానికి తీసుకెళ్ళాను. బోరు మోటార్ల బేరింగులు లాగే మూడు కాళ్ళ పుల్లర్ అక్కడ గోడకు వేలాడుతోంది. ఆ కుర్రవాడు సైకిలు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఇరుసు బెజ్జం మీద చిన్న ఇనుప బిళ్ళ పెట్టాడు, రెండు కాళ్ళు క్రాంకు వెనక్కి తగిలించాడు, మూడోదాన్ని మడిచేశాడు. పానాతో తిప్పాడు, ఆగాడు, టీ తాగాడు, మళ్ళీ పావు చుట్టు తిప్పాడు. తుపాకీ పేలినట్లు చప్పుడైంది. వీధి కుక్క లేచి వెళ్ళిపోయింది. తొలి ప్రజా ప్రతినిధి రాజీనామా చేసి నూనె మరకల గోనెపట్టా మీద పడింది.

"అటువైపుది కూడా లాగమంటారా?" అని అడిగాడు.

అక్కర్లేదన్నాను. కుడి క్రాంకు మర ఇంకా చెక్కుచెదరలేదు, నా పుల్లర్ ఇంట్లోనే ఉంది.