రూల్ ప్రకారం సరిపోతారట!

లెస్టర్‌లో నర్సరీ ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. రెండేళ్ల పిల్లలు, ఒక్క మనిషికి ఐదుగురు. ఇంగ్లాండ్‌లో 2023 సెప్టెంబరు దాకా నలుగురే. ఒక్కరే కదా పెరిగింది అనుకుంటారు, చేసి చూస్తే తెలుస్తుంది! ఒకరికి డైపర్ మారుస్తుంటే ఇంకొకరు బూటు నోట్లో పెట్టుకుంటారు.

నిన్న కొత్తగా చేరిన పాప నా టీషర్టు కొస పిడికిట్లో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎత్తుకుందామంటే నా చేతిలో ఫారం. మోకాలు గీరుకున్నా రాయాలి, నిద్రపోయినా రాయాలి. రాయడం అవసరమే, కాదనను. కానీ ఆ టైమ్ ఎవరిది? ఆ పాపదే కదా!

ఇంకో మనిషిని ఇవ్వండంటే, ‘రూల్ ప్రకారం సరిపోతారు’ అంటున్నారు. సరిపోవడం లేదు. పొద్దున పాప కళ్లు వాచి ఉన్నాయి.