స్టార్ట్ బ్యాక్ ప్రశ్నావళి గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ప్రశ్నావళి గారికి,

ఫిజియోథెరపీ పీజీ విద్యార్థి నమస్కరించి రాయునది. తమరు ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీలో పుట్టి, 2008లో లోకానికి పరిచయమయ్యారు. నడుము నొప్పి ఎవరికి ముదిరేలా ఉందో ముందే పసిగడతారట. తొమ్మిదే ప్రశ్నలు, ఒక్క పేజీ, తెలుగులోకి తేవడం ఎంతసేపు అన్నారు మా గైడ్. ఇది పద్నాలుగో నెల.

చిన్న చిన్నవి నేను మనసులో పెట్టుకోలేదు. బట్టలు వేసుకోవడం ఆలస్యమవుతోందా అంటే "చీరకా, జాకెట్టుకా?" అన్నారు పేషెంట్లు. ఇదివరకు సంతోషపెట్టినవి ఇప్పుడు సంతోషపెట్టడం లేదా అంటే ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "ఇదివరకు మాత్రం ఏమున్నాయి?" అన్నాడు. దానికి తమరి దగ్గర గడి లేదు. పోనీండి.

కానీ ఆ అయిదో ప్రశ్న! "నాలాంటి నొప్పి ఉన్నవాళ్ళు ఒళ్ళు కదిలించి పనులు చేసుకోవడం అంత క్షేమం కాదు." ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? ఇద్దరం విడివిడిగా తెలుగు చేశాం. తమరి ముఖం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేశారు. టీ, బిస్కట్లతో కమిటీ కూర్చుంది. అందరం భేష్ అనుకున్నాం.

వారం తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి జవాబులు నిలబడ్డాయో లేదో చూసే రీటెస్ట్ కోసం ఇవాళ మధ్యాహ్నం ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చింది. పోయిన వారం ఈ ప్రశ్నకు "కాదు" అంది. ఒప్పుకోలేదని సున్నా వేశాను. ఇవాళ "అవును" అంది. ఒకటి వేశాను.

"అదేంటమ్మా, పోయిన వారం కాదన్నారుగా?"

"ఇప్పుడూ అదే చెప్తున్నా బాబూ. క్షేమం కాదు. అవును, కాదు."

క్షేమం కాదు కదా అని అడిగితే, "కాదు" అన్నా ఒప్పుకున్నట్టే, "అవును" అన్నా ఒప్పుకున్నట్టే. పుట్టినప్పటి నుంచీ ఇదే భాష మాట్లాడుతున్నాం, ఒక్కరికీ తట్టలేదు. ఆ ఒక్క టిక్కుతో చివరి అయిదు ప్రశ్నల మొత్తం మూడు నుంచి నాలుగైంది. ఓ మోస్తరు ముప్పున్న మనిషి ఎక్కువ ముప్పులోకి ఎక్కేసింది. ఆవిడ నడుము మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇప్పుడు నా బీరువాలో ఉన్న కాగితాల్లో ఏ "కాదు" నిజంగా కాదో, ఏది అవునో ఎవర్ని అడగాలి?

అసలు నీకు సూటిగా అడగడం చేతకాదా? "ప్రమాదమనిపిస్తోందా?" అని మారుద్దామంటే, క్షేమం కాకపోవడం వేరు, ప్రమాదం వేరు అంటుంది కమిటీ. ఒక్క మాట మారిస్తే మళ్ళీ తర్జుమా, మళ్ళీ తిరుగు తర్జుమా, మళ్ళీ ముప్పై నలభై మందిని కూర్చోబెట్టి, ప్రశ్న అర్థమవుతోందా అని చూసే ప్రీటెస్ట్. రీటెస్ట్‌కేమో నొప్పి మారనివాళ్ళే కావాలంటావు. వారం తిరిగేసరికి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ పొడిపించుకుని నవ్వుతూ వచ్చేవాళ్ళని ఏం చేసుకోను?

చింపేద్దామనే తీశాను. ఏడో ప్రశ్న అడ్డొచ్చింది. ఓపీలో మేము "ఎక్కడ నొప్పి?" దగ్గరే ఆగిపోతాం. ఇది ఇక తగ్గదేమో అనిపిస్తోందా అని అడిగేసరికి ఆవిడ ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పక్కన పెట్టేసింది. కుట్టు మిషన్ అమ్మేసిన సంగతి, కూతురి పెళ్ళి అప్పు, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, అరగంట చెప్పింది. నేను టిక్కు పెట్టడం మరిచిపోయాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

వెళ్తూ వెళ్తూ, "వచ్చే వారం కూడా ఇవే అడుగుతావా బాబూ?" అంది.

"కాదమ్మా" అన్నాను.

"అయితే వస్తాలే" అంది.

ఇట్లు,
బస్సు చార్జీలు సొంత జేబులోంచి ఇచ్చుకుంటున్న
మీ అనువాదకుడు